నలుగురికీ ఒకే అంకె

కొలత పెట్టాలని పట్టుబట్టింది నేనే. ఇది చదివి ఎవరినైనా తిట్టాలనిపిస్తే ముందు నన్ను తిట్టండి. మిగతావాళ్ళ సంగతి తర్వాత.

రెండువేల ఎనిమిది వానాకాలం అది. ప్రాణహిత ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. పడవలు ఆపేశారు. అవతలి ఒడ్డున బిడ్డనిచ్చినవాళ్ళు కూడా ఇవతల నిలబడి నీళ్ళవైపు చూడటమే. మాది మహారాష్ట్ర ఒడ్డు. సిరొంచ బస్టాండు వెనక మా తమ్ముడు అరుణ్‌కుమార్ మూడు కంప్యూటర్లు పెట్టి క్లాసు నడిపేవాడు. నాట్లు మొదలయ్యేసరికి నేర్చుకునేవాళ్ళంతా పొలాల్లో పడ్డారు, క్లాసు ఖాళీ అయింది. కరెంటు మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఆరింటికి పోయేది. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్టు కీచుమంటూ వచ్చేది. పొద్దున నాట్లు, మధ్యాహ్నం ఆట. ఆ రెండు నెలలూ మా బతుకు అదే.

ఆటకు ఏదో ఇంగ్లీషు పేరుంది. మేం కోటల ఆట అనేవాళ్ళం. బొమ్మలు ఎగిరి దూకే ఆట కాదు. పేజీ తెరిస్తే నీకొక ఊరు, నాలుగు పొలాలు, ఒక గాదె, కొందరు సైనికులు. పక్క ఊరి మీదికి దాడి పంపితే వాళ్ళు చేరడానికి గంట పడుతుంది. మళ్ళీ పేజీ తెరిస్తే గెలిచావో ఓడావో రాసి ఉంటుంది. దేశమంతటా వేలమంది ఆడుతున్నారు. నలభై మంది కలిస్తే ఒక సంఘం. మా సంఘం నాయకుడు పుణె మనిషి, ఆటలో అతని పేరు కిల్లేదార్. అసలు పేరు తెలియదు, మొహం తెలియదు, వయసు తెలియదు.

"మీసాలుంటయంటవా ఆనికి?" అని రాజలింగు రోజూ అడిగేవాడు.

రాజలింగు నా పెనిమిటి. మా సిరొంచ జట్టులో అతను, నేను, అరుణ్, విలాస్. మొత్తం నలుగురం. విలాస్ జిమల్‌గట్ట నుంచి వచ్చి ఇక్కడి ఆశ్రమశాలలో లెక్కలు చెప్పేవాడు. ఇంట్లో గోండి, బళ్ళో మరాఠీ, మాతో తెలుగు. నన్ను మాత్రం మరాఠీలో తాయీ అనేవాడు, అక్కా అని.

రాజలింగు కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. అంతకు రెండేళ్ళ ముందు ధాన్యం మర బెల్టు లాక్కుంది. అంతకుముందు నారు పీకడానికి దిగితే అతని వెనక కట్టలు మోసేవాళ్ళు చాలేవాళ్ళు కాదు. ఆ తర్వాత పొలం గట్టెక్కలేదు. చాయ హోటలుకు పోలేదు. చేతి మీద తువ్వాల కప్పుకుని అరుగు మీద కూర్చునేవాడు. నేను అరిచాను, బతిమాలాను, మూడు రోజులు మాట్లాడటం మానేశాను. కదల్లేదు. అరుణ్ ఒకరోజు ఆట చూపించడానికి పిలిస్తే మాత్రం కదిలాడు. ఆటలో చెయ్యి ఎవరికీ కనపడదు కదా. ఎడమచేత్తో మౌసు పట్టుకుని ఒక్కో దాడికి పది నిమిషాలు తీసుకునేవాడు. ఎదుటి ఊరి పేరు చదివేవాడు, గోడ ఎంత ఎత్తుందో చూసేవాడు.

"ఈడు చూడు శోభా, రోజూ పొద్దుగాల లేచి గోడ కడతడు. మాపటికి ఎవడో పడగొడతడు. మళ్ల కడతడు. ఏం మనిషో."

రెండేళ్ళ తర్వాత ఇంకో మనిషి గురించి అతను అడిగిన మొదటి మాట అది. ఆ ఆట మా ఇంటికి ఎంత ముఖ్యమో ఇంతకంటే చెప్పలేను.

ఇక కొలత సంగతి. ఎవరి లెక్క వాళ్ళకు మొదటి నుంచీ కనపడేది: ఈ వారం నువ్వు పంపిన దాడులు ఇన్ని, అని పేజీ మూలన ఒక అంకె. జూలైలో ఆటవాళ్ళు కొత్త మీట ఒకటి పెట్టారు. సంఘం ఒప్పుకుంటే నలభై మంది లెక్కలూ నలభై మందికీ కనపడతాయి. ప్రతి ఆదివారం సాయంత్రం పట్టిక వస్తుంది. కిల్లేదార్ దానికి మోజ్‌పట్టీ అని పేరు పెట్టాడు, కొలిచే బద్ద అన్నమాట. ఉండాలా వద్దా, ఓట్లు వేయమన్నాడు.

"వద్దు తాయీ," అన్నాడు విలాస్. "మా బడిల మార్కులు గోడకు అంటిస్తరు. ఆఖరి పిల్లలు గోడ దిక్కు చూడకుంట నడుస్తరు. మెడలు వంకర పోతయి."

"బడి ముచ్చట వేరు. కాలువ పనిల మన కూలి లెక్క రాసే కొలత పుస్తకం చూపియ్యమని నేను మూడు దినాలు ఆఫీసు ముంగట గూసున్న. ఆ ఇంజనీరు ఎన్ని మాటలు చెప్పిండు. ఆఖరికి తీసి చూపెట్టిండా లేదా? లెక్క దాచిపెట్టినోడు దొంగ. ఎవడైనా గంతే."

"ఆ పుస్తకంల పైనోడు మనల్ని కొలిచిండు తాయీ. ఈ పట్టికల మనమే మనల్ని కొలుసుకునుడు."

"కొలత కొలతే."

నేను ఏడు చదివాను, అదీ మరాఠీలో. తెలుగు అక్షరాలు కిరాణా పొట్లాల మీద నేర్చుకున్నాను. కానీ వాదన దొరికితే నన్ను ఆపడం కష్టం. సంఘం పేజీలో మరాఠీలో రెండు పేజీలు దంచాను. అంతటితో ఆగలేదు. వారానికి యాభై దాడులు కూడా పంపనివాళ్ళు నెలాఖరుకు బయటికి పోవాలని కూడా రాశాను. ఊపులో వచ్చింది, రాసేశాను. రెండింటికీ కలిపే ఓటు పెట్టారు. ఇరవై రెండు ఓట్లు మా వైపు, పదిహేడు అటు. ఓటు వేయని ఒక్కడు పెళ్ళికి పోయాడట. రాజలింగు ఎటు వేశాడో నేను అడగలేదు.

మొదటి పట్టిక ఆదివారం రావాలి. శనివారం మధ్యాహ్నం అరుణ్ నన్ను పక్కకు పిలిచాడు. మా నలుగురి ఖాతాలూ తెరిచింది వాడే, తాళపు మాటలన్నీ వాడి దగ్గరే ఉన్నాయి.

"అక్కా, బావది ఎంతనో ఎరుకేనా?"

"ఎంత?"

"పదకొండు."

నాది నూట డెబ్బయి. విలాస్‌ది రెండువందలకు దగ్గర. రాజలింగు అప్పుడే ఆట ముగించి లేచి కుర్చీ తుడుస్తున్నాడు.

ఆదివారం పొద్దున ఐలన్న పొలంలో నాట్లు. మా దగ్గర నాట్లకు కూలి లేదు, బదులు. ఈ రోజు మా ఇంటి మనిషి ఐలన్న పొలంలో వంగితే, రేపు వాళ్ళింటి మనిషి మా పొలంలో వంగాలి. రోజుకు రోజు. నువ్వెంత నాటావని ఎవరూ అడగరు. పన్నెండు మంది ఆడవాళ్ళం మునుం పట్టాం. మునుం అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకటే వరస. ఎవరి పట్టె వాళ్ళు నాటుకుంటూ వెనక్కి నడవాలి. వరసకు పెద్ద మా అత్త పోశక్క.

నా పక్కనున్న అంకమ్మకు జ్వరం. ఒళ్ళు కాలిపోతున్నా వచ్చింది, బదులు రోజు తప్పదు కదా. నాట్లలో ఒకరు నెమ్మదిస్తే దూరం నుంచే తెలుస్తుంది. మిగతావాళ్ళు వెనక్కి పోతారు, ఆమె ఒక్కతే ముందు ఇరుక్కుంటుంది. చుట్టూ పచ్చగా నాటు, మధ్యలో ఆమె. బాయిల పడ్డది అంటారు మావాళ్ళు, బావిలో పడ్డట్టన్నమాట. అంకమ్మ బాయిల పడబోతోంది. అత్త అటునుంచి చెయ్యి చాపి ఆమె పట్టెలో రెండు కుదుళ్ళు నాటింది. నేను ఇటునుంచి రెండు నాటాను. గట్టు చేరేసరికి పన్నెండు మందిమీ ఒకేసారి నడుం ఎత్తాం.

ఆ మధ్యాహ్నం కరెంటు రాగానే క్లాసుకు పోయాను. రాజలింగును నాలుగింటికి రమ్మని కబురు పెట్టించాను, లైను బాగలేదని అబద్ధమాడి. అతని ఖాతా తెరిచి అరవై దాడులు పంపాను. చకచకా, చూడకుండా, దొరికిన ఊరి మీదికల్లా.

సాయంత్రం పట్టిక వచ్చింది. రాజలింగు: రెండువందల పదహారు. నలభై మందిలో మూడో స్థానం.

నేను అరుణ్ వైపు చూశాను. అరుణ్ విలాస్ వైపు చూశాడు. విలాస్ పైకప్పు వైపు చూశాడు. రాజలింగు మాత్రం తెర దగ్గరికి వంగి ఆ అంకెను చాలాసేపు చూశాడు.

"ఇదెట్ల లెక్కవెడతదే?" అని నన్నడిగాడు.

"దాడిల సైనికులు ఎక్కువుంటె ఎక్కువ లెక్కవెడతదట," అన్నాను.

"అట్లనా."

"అట్లనే అన్నరు."

కిల్లేదార్ అందరికీ కనపడేలా రాశాడు: శాబాస్ రాజలింగు. తెల్లారి రాజలింగు గడ్డం గీసుకుని చాయ హోటలుకు పోయాడు. గంటసేపు రాలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. తువ్వాల అరుగు మీదే ఉంది.

ఆ రోజు క్లాసులో ముగ్గురం కూడాం. రాజలింగు ఇంకా రాలేదు.

"నువ్వెన్ని పంపినవ్?" అన్నాడు అరుణ్.

"అరవై. నువ్వు?"

"డెబ్బై. శనివారమే పంపిన. నీకు చెప్తె తిడతవనుకున్న."

విలాస్ గొంతు సవరించుకున్నాడు. "నేనొక డెబ్బయ్యైదు."

"నువ్వు వద్దని వాదించినోడివి కదరా."

"కొలుసుడు వద్దన్న తాయీ. కొలుస్తమన్నంక ఏం జెయ్యాలె మరి?"

ముగ్గురం నవ్వాం. పొట్ట పట్టుకుని నవ్వాం. తర్వాత విలాస్ పలక తీసుకుని లెక్క కట్టాడు. ఇట్లా ఎవరికి వాళ్ళు పంపితే ఒకవారం రాజలింగు మొదటివాడు అవుతాడు, మనం కిందపడతాం, అందరి కళ్ళూ మన మీద పడతాయి. మునుం లెక్కన పోదామని నేనన్నాను. నలుగురి దాడులూ కలిపి నాలుగుతో భాగించాలి. శనివారానికల్లా తక్కువున్న పట్టెలో ఎక్కువున్నవాళ్ళు నాటాలి. అంతే. ఇంజనీరు పుస్తకం ముందు మూడు రోజులు కూర్చున్న మనిషిని, ఇప్పుడు నేనే పుస్తకం దిద్దుతున్నాను. ఆ మాట తట్టకపోలేదు. తట్టింది, పక్కకు నెట్టేశాను.

రెండో వారం మా నలుగురి లెక్కలు: నూట నలభై తొమ్మిది, నూట నలభై తొమ్మిది, నూట యాభై, నూట నలభై తొమ్మిది. మూడో వారం నలుగురికీ నూట యాభై నాలుగు. విలాస్ లెక్కల మాస్టరు కదా, కుదిరితే చక్కగా కుదరాలంటాడు. రాజలింగు రోజూ హోటలుకు పోతున్నాడు. ఒకరోజు ఇంటికి వస్తూ చేపలు తెచ్చాడు, సంచి కుడిచేతి రెండు వేళ్ళకు తగిలించుకుని. మా అత్త చేపలు కడుగుతూ అతనివైపు చూసి, నావైపు చూసి, మళ్ళీ చేపలు కడిగింది.

నాలుగో వారం, సోమవారం. పేజీ తెరవగానే కిల్లేదార్ ఉత్తరం. మరాఠీలో, నలుగురి పేరా.

"నాలుగు పేర్లు. ఒకటే టెలిఫోను. రెండు వారాలుగా ఒకటే అంకె. నలుగురు వేర్వేరు మనుషులకు ఇట్లా రాదు. మీరు నలుగురు కాదు, ఒక్కరే. ఒక మనిషి నాలుగు ఊళ్ళు నడపడం ఆటలో దొంగతనం. శుక్రవారం మధ్యాహ్నం లోపల జవాబు చెప్పండి. లేకపోతే ఆటవాళ్ళకు రాస్తాను, నాలుగు ఊళ్ళూ చెరిపేస్తారు."

అరుణ్ మొదట నవ్వాడు. "అక్కా, మనం నలుగురం లేమట. ఒక్కరమేనట. అండ్ల నువ్వున్నవో నేనున్ననో."

"నగకు," అన్నాను.

"ఫొటో దిగి పంపుదమా?"

"స్టూడియోల ఎవరన్న దిగుతరు నలుగురు."

"ఫోన్ జేసి మాట్లాడుదం. నాలుగు గొంతులు ఇనవడితె నమ్ముతడు."

"బావ గొంతు కూడనా?" అన్నాడు విలాస్. రాజలింగు ఇంకా ఉత్తరం చూడలేదు. చూస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. ఊరు చెరిపేస్తే ఆట లేదు, ఆట లేకపోతే మళ్ళీ అరుగు, తువ్వాల. నిజం చెబితే ఊరు నిలుస్తుంది. కానీ ఆ పట్టికలో పేరు నిలబెట్టింది తాను కాదని అతనికి తెలుస్తుంది. అప్పుడూ అరుగే. నాకు వేరే దారి కనపడలేదు.

అరుణ్ ఆ వారం అతన్ని క్లాసుకు రానివ్వలేదు. మూడు కంప్యూటర్లూ పాడయ్యాయన్నాడు. నేను జవాబు రాయడానికి కూర్చున్నాను. అబద్ధమే రాద్దామనుకున్నాను. "మేం సామూహిక పద్ధతిలో పనిచేస్తాం కాబట్టి విడివిడి కొలతలు వేరుగా ఉండవలసిన అవసరం" అని రాశాక చెయ్యి ఆగిపోయింది. ఆ వాక్యం నాది కాదు. కాలువ దగ్గర ఇంజనీరు నాకు చెప్పిన వాక్యం అది, అక్షరం పొల్లు పోకుండా. ఆ రోజు అతని మొహం మీద నేనేం అన్నానో కూడా గుర్తుంది. మొత్తం చెరిపేశాను.

గురువారం పొద్దున మా పొలంలో నాట్లు. అంకమ్మకు జ్వరం తగ్గింది కానీ నీరసం పోలేదు. అత్త ఆమెకు అటు, నేను ఇటు. అత్త మళ్ళీ చెయ్యి చాపి రెండు కుదుళ్ళు నాటింది. బువ్వ తినడానికి గట్టెక్కినప్పుడు అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఎవరెంత నాటిన్రో కొలుస్తె ఎట్లుంటది?"

"కొలిసి?"

"ఎరుకైతది కదా."

"నాకిప్పుడు ఎరుకలేదా? నలభై ఏండ్ల సంది వంగుతున్న. ఎవరి చెయ్యి ఎంతనో కండ్లు మూసుకొని చెప్త."

"మరి అంకమ్మకు ఎరుకేనా, నువ్వు ఆమె పట్టెల నుంచి గుంజుకుంటున్నవని? ఆమెకు సిగ్గనిపియ్యదా?"

అత్త నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అంకమ్మ నాలుగడుగుల దూరంలోనే కూర్చుని పచ్చిమిరపకాయ కొరుకుతోంది.

"ఏమే అంకమ్మా, నీ పట్టె నేను గుంజుకుంటున్న అని నీకు ఎరుకేనా?"

"మీ అత్త ముసల్దైంది గాని దొంగ గాదు," అంది అంకమ్మ నాతో. "నేను చెయ్యి జరిపితేనే నాటుతది."

"ఇన్నవా?" అంది అత్త. "ఆమె చెయ్యి జరుపుతది. జరిపితేనే నేను గుంజుకుంట. జరపకుంటె అది ఆమె పట్టె, నాకేం పని అండ్ల?"

పదిహేనేళ్ళుగా ఆ వరసలో వంగుతున్నాను. అంకమ్మ చెయ్యి జరపడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మధ్యాహ్నం ఇంటికి పోయాను. రాజలింగు అరుగు మీద చేపల వల చిక్కు తీస్తున్నాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా పక్కన కూర్చున్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

"బావా, పట్టికల నీ లెక్క నీది గాదు. మేం ముగ్గురం నీ పేరు మీద పంపినం. మూడు వారాల సంది. పుణె ఆయన పట్టుకున్నడు. మనం నలుగురం కాదు, ఒక్కడే అంటున్నడు. రేపు మధ్యాహ్నం లోపల చెప్పకుంటె ఊళ్ళు చెరిపేస్తరట."

అతను చిక్కు తీయడం ఆపలేదు.

"నీకు కోపం రాలేదా?"

"దేనికి?"

"నీ లెక్క నీది గాదంటున్న కదా."

"నా లెక్క నాకు తెల్వదా శోభా? వేళ్ళు పోయినయి గాని లెక్క పోయిందా. పేజీ మూలకు అంకె ఉంటది కదా. నేను పదకొండో దాడి పంపి ఇంటికొస్త, తెల్లారి వచ్చి చూస్తె శనివారం పోయినయి డెబ్బై ఎక్కువుంటయి. అరుణ్ పంపిండనుకున్న. ఆదివారం మధ్యాహ్నం పోయినయి ఇంకో అరవై. నువ్వనుకున్న. అన్నీ గోడలు లేని ఊళ్ళ మీదికే పోయినయి, చూడకుంట. నువ్వే అట్ల పంపుతవ్."

ఎవరి లెక్క వాళ్ళకు కనపడుతుందన్న సంగతి నాకు తెలుసు. ముందే మీకు కూడా చెప్పాను. కానీ అతనికి కనపడుతుందన్నది ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

"మరి సైనికులు ఎక్కువుంటె ఎక్కువ లెక్కవెడతదంటె అట్లనా అన్నవ్?"

"నువ్వు అట్లనే అన్నవ్ కదా మరి."

"హోటలుకు ఎందుకు పోయినవ్? గడ్డం గీసుకున్నవ్?"

ఆ ప్రశ్న అతనికీ కొత్తదే అనిపించింది.

"ముగ్గురు కూసొని నాకోసం గంత కష్టవడుతున్నరు. నేను గడ్డమన్న గీసుకోకుంటె ఎట్ల అనిపిచ్చింది," అన్నాడు. తర్వాత, "పదకొండు, పన్నెండు, పన్నెండు. మొన్న ఆదివారం పట్టిక వచ్చినంక ఈ వారంవి మూడు పంపిన. రానిస్తె పద్నాలుగు దాటుదు. అరుణ్ గానికి చెప్పు, కంప్యూటర్లు బాగైనయని."

పదకొండు, పన్నెండు, పన్నెండు, పద్నాలుగు. ఆ అంకెలు పెరుగుతున్నాయి. మేం మా నూటయాభైల కింద వాటిని పాతిపెట్టి కూర్చున్నాం.

రెండింటికి కరెంటు వచ్చింది. కిల్లేదార్‌కు జవాబు రాజలింగే రాస్తానన్నాడు. ఎడమచేతి ఒక్క వేలుతో, మరాఠీలో, ముప్పావు గంట పట్టింది. విలాస్ రెండుసార్లు అక్షరం చూపించబోయాడు, రాజలింగు మోచేతితో నెట్టాడు. రాసింది ఇంతే:

"నేను రాజలింగు. నా కుడిచేతికి రెండు వేళ్ళు. మొదటి వారం నావి పదకొండు, తర్వాత పన్నెండు, పన్నెండు. మిగతావి మావాళ్ళు ముగ్గురు పంపినవి. మేం నలుగురం. మీకు మీసాలున్నాయా?"

శుక్రవారం జవాబు వచ్చింది. నలుగురని ఒప్పుకున్నాడు. ఇంకొకరి ఖాతా ముట్టుకుంటే ముగ్గురినీ బయటికి పంపుతానన్నాడు. కింద ఒక వరస: నిబంధన ప్రకారం వారానికి యాభై దాటలేదు కాబట్టి రాజలింగును ఆదివారం నుంచి తీసేస్తున్నాం, ఈ నిబంధన ప్రతిపాదించింది శోభారాణి తాయి. మీసాల గురించి ఏమీ రాయలేదు.

నేను కుర్చీ వెనక్కి తన్ని లేచాను. నలభై మందినీ లేపుతాను, పుణె దాకా వినపడేటట్టు రాస్తాను, నలుగురం ఒకేసారి బయటికి వచ్చేద్దాం అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాజలింగు అయిపోయేదాకా విన్నాడు.

"రూలు నీదే," అన్నాడు. "నేను గూడ దానికే ఓటేసిన."

"నువ్వా? ఎందుకేసినవ్?"

"చూడాలనిపిచ్చింది. ఎవడెట్ల ఆడుతున్నడో. నాకన్న తక్కువోడు ఒక్కడన్న ఉంటడా అని."

"ఉన్నడా?"

"ఒక్కడుండె. పెండ్లికి పోయినోడు."

అరుణ్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

అయినా నేను రాశాను. మోజ్‌పట్టీ తీసేయమని కాదు. లెక్క దాచకూడదని నేను ఇప్పటికీ అంటాను, పైవాడి లెక్క అయితే మరీ. ఒక్క మార్పు అడిగాను: మన మధ్య కొలతలో ఎవరి అంకె అందరికీ చూపాలో ముందు ఆ మనిషిని అడగండి, యాభై నిబంధన ఎత్తేయండి. పద్దెనిమిది ఓట్లు నాకు, ఇరవై అటు. ఓడిపోయాను. పది రోజులకు వరదకు టెలిఫోను తీగ తెగింది, బాగయ్యేసరికి దసరా వచ్చింది. మా ఊళ్ళను ఎవరు కాల్చారో, ఆ గోడ కట్టేవాడు ఏమయ్యాడో తెలియదు. రాజలింగు మాత్రం అప్పుడప్పుడు అడుగుతాడు, గోడ నిలిచిందంటావా అని.

అతన్ని తీసేసిన ఆదివారం సంగతి చెప్పి ఆపుతాను. ఆ రోజు అంకమ్మ పొలంలో నాట్లు, మేం బదులు రోజు ఇవ్వాలి. మగవాళ్ళు నారు పీకి కట్టలు మోస్తున్నారు. పన్నెండు మందిమి మునుం పట్టాం. నడుం వంచి రెండు కుదుళ్ళు నాటానో లేదో, గట్టు మీద రాజలింగు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టి బురదలో దిగాడు. నారు పీకేవాళ్ళ వైపు పోతాడనుకున్నాను. నేరుగా మా వరసకు వచ్చాడు. మా దగ్గర మగవాడు నాటు వేయడు.

"ఏం మరిదీ," అంది అంకమ్మ, "లుంగీ మీదనే వస్తివి. చీర దొరకలేదా?"

"నీ పొలమే కదా వదినా, నువ్వే ఒకటి ఇయ్యాలె."

"నాకున్నయే రెండు."

వరసంతా నవ్వింది. మా అత్త నవ్వలేదు, తల ఎత్తలేదు. ఒక అడుగు పక్కకు జరిగింది. నేను ఒక అడుగు ఇటు జరిగాను. అతను మధ్యలో నిలబడ్డాడు. నారు కట్టను కుడిచేతి రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో నాటడం మొదలుపెట్టాడు. మొదటి కుదురు తేలిపోయింది. మళ్ళీ నాటాడు.

పట్టెలో వరసకు ఆరు కుదుళ్ళు. మేం రెండు వరసలు వెనక్కి వచ్చేసరికి అతను ఇంకా మొదటి వరసలోనే ఉన్నాడు. చుట్టూ పచ్చ పెరుగుతోంది, అతను మధ్యలో. అలవాటు కొద్దీ నా చెయ్యి అతని పట్టెలోకి పోయింది.

"ఆగు," అన్నాడు.

ఆగాను. అటుపక్క అత్త చెయ్యి మోకాలి మీదే ఉంది. అతను మూడోది నాటాడు. నాలుగోది నాటి, బొటనవేలితో మట్టి అదిమి, అది నిలబడిందో లేదో చూశాడు.

"నాలుగు నాయి," అన్నాడు. అప్పుడు చెయ్యి జరిపాడు.